ఆటలమ్మ ఇంట్లోకొస్తే క్యాలెండర్ ముందు పెట్టుకోండి

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా ఆరేళ్ల బాబుకి మార్చి 3 సాయంత్రం ఆటలమ్మ (చికెన్‌పాక్స్) పొక్కులు కనిపించాయి. ఇవాళ 5వ తారీఖు. ఇంట్లో రెండున్నరేళ్ల పాప, 35 ఏళ్ల మా వారు, షుగర్ ఉన్న మా అత్తయ్యగారు, నేను. పాపకి ఈ టీకా వేయించలేదు. నాకు చిన్నప్పుడు వచ్చింది. ఐదో నెల కడుపుతో ఉన్న మా ఆడపడుచు 1న, శనివారం వచ్చి 3న, సోమవారం రాత్రే వెళ్లింది. అత్తయ్యగారు మందులు వద్దు, స్నానం వద్దు అంటున్నారు. పాపని మా అమ్మావాళ్ల ఊరు పంపెయ్యాలా? 23న దగ్గరివాళ్ల పెళ్లి ఉంది, వెళ్లొచ్చా? ఎలాగూ వచ్చేదే కదా, ఇద్దరు పిల్లలకీ ఒకేసారి వచ్చేస్తే ఒక పనైపోతుందని మా వారు అంటున్నారు.

సమాధానం:

ముందు మీ ఆడపడుచుకి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. అంటే శనివారం ఆవిడ బాబుని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేటప్పటికే వాడి ఊపిరిలో వైరస్ ఉండి ఉంటుంది. ఫోన్లో ఒకటే అడగండి, చిన్నప్పుడు పోసిందా లేదా అని. ఆవిడకి గుర్తు లేకపోతే మీ అత్తయ్యగారిని అడగండి. పిల్లల్లో ఎవరికి ఏ ఏడాది పోసిందో, ఎవరింటి నుంచి అంటుకొచ్చిందో తల్లులు నలభై ఏళ్లైనా మర్చిపోరు. పోసిందని గట్టిగా చెబితే చాలావరకు టెన్షన్ తీరినట్టే, అయినా డాక్టరు చెవిన ఒక మాట వెయ్యాలి. లేదన్నా, గుర్తు లేదన్నా ఇవాళే గైనకాలజిస్టుతో మాట్లాడాలి. వేరిసెల్లా ఐజీజీ అని ఒక రక్తపరీక్ష ఉంది. ఒంట్లో రక్షణ ఉందో లేదో దాంతో తేలుతుంది. లేదని తేలితే, వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలుండే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. అది బాబుతో ఉన్నప్పటి నుంచి 10 రోజుల్లోపు పడాలి, ఎంత ముందైతే అంత మంచిది. మీ లెక్కలో మార్చి 11 ఆఖరు. ఆ ఇంజెక్షన్ అన్ని ఊళ్లలో అడగ్గానే దొరకదు, అందుకే రేపు చూద్దాంలే అనుకోవద్దు. దొరక్కపోతే వైరస్‌ని అణిచే ఏసైక్లోవిర్ మాత్రలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏది అనేది డాక్టరే తేల్చాలి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. గర్భంతో ఉన్నవాళ్లకి వస్తే న్యుమోనియా అయ్యే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. మొదటి ఇరవై వారాల్లో వస్తే బిడ్డకి దెబ్బ తగిలే అవకాశం నూటికి ఒకటి రెండు. చిన్న అంకే, కానీ ఒక ఫోన్‌కాల్‌తో ఇంకా తగ్గించగలిగినప్పుడు ఎందుకు వదలాలి? ఇంకోమాట: ఆవిడకి రక్షణ లేకపోతే మార్చి 9 నుంచి 24 దాకా ఆవిడ కూడా వేరేవాళ్లకి అంటించే అవకాశం ఉన్నట్టే లెక్క. ఇంజెక్షన్ తీసుకుంటే ఇంకో వారం కలపాలి. ఆ రోజుల్లో చెకప్ ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పి వెళ్లాలి. చుట్టూ గర్భిణీలే కూర్చుని ఉండే హాల్లో వెయిట్ చేయకూడదు.

రెండో పని పాప. ఇది కూడా ఇవాళో రేపో అయిపోవాలి. ఏడాది నిండిన పిల్లలకి, ఒంట్లో వేరే ఇబ్బంది లేకపోతే, ఆటలమ్మ ఉన్నవాళ్లతో కలిసిన 3 రోజుల్లో టీకా వేస్తే రాకుండా ఆగొచ్చు, లేదా బాగా తేలిగ్గా పోవచ్చు. 5 రోజుల దాకా కూడా వేస్తారు. బాబు నుంచి అంటడం 1వ తారీఖున మొదలైంది అనుకుంటే మీ గడువు రేపటితో సరి. ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, పిల్లల డాక్టరు దగ్గర కొనుక్కుని వేయించుకోవాల్సిందే. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మొదటి డోసు 15 నెలలకి వేయమంటుంది, అందుకే మీ టీకాల కార్డులో ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. గడువు దాటినా నష్టం లేదు, ఈసారి అంటకపోతే వచ్చేసారికైనా పనికొస్తుంది. ఇప్పటికే లోపల వైరస్ ఉన్నా టీకా వల్ల జబ్బు ముదరదు.

మీ వారు అన్న మాటకి ఇక్కడే జవాబు చెబుతాను. ఒకే కంచంలో తినిపించి, ఒకే దుప్పట్లో పడుకోబెట్టి "ఒక పనైపోతుంది" అనుకునేవాళ్లని నా సర్వీసులో చాలామందిని చూశాను. నేను డాక్టర్ని కాను. పిల్లల వార్డులో 27 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒకేసారి వచ్చేయడం అనేది ఈ జబ్బులో జరగదు. ఇవాళ అంటుకున్నా బయటపడటానికి రెండు వారాలు పడుతుంది. పైగా ఇంట్లో మొదట వచ్చినవాళ్లకంటే వాళ్ల దగ్గర్నుంచి అంటుకున్నవాళ్లకి పొక్కులు ఎక్కువ వస్తాయి. బడిలో పక్క బెంచీ వాడి నుంచి అంటుకోవడం వేరు, రాత్రింబవళ్లు ఒకే గదిలో గాలి పీల్చడం వేరు.

ఇక అసలు సంగతి. గోడకున్న క్యాలెండర్ దించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి.

ఈ వైరస్ ఒంట్లో దూరాక 10 నుంచి 21 రోజుల్లో ఎప్పుడైనా బయటపడుతుంది, ఎక్కువగా 14 నుంచి 16 రోజుల మధ్య. బాబు 1వ తారీఖు నుంచి అంటిస్తున్నాడు. పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా, అంటే ఇంచుమించు 9, 10 తారీఖుల దాకా అంటిస్తూనే ఉంటాడు. కాబట్టి మీ ఇంట్లో రెండో విడత మార్చి 11 నుంచి 31 లోపు ఎప్పుడైనా రావచ్చు. ఎక్కువ అవకాశం 15 నుంచి 19 మధ్య. ఆ ఐదు రోజుల చుట్టూ గట్టిగా గీయండి. ఆ విడతలో పాపకి వచ్చి మీ వారు తప్పించుకున్నారనుకోండి, పాప నుంచి ఆయనకి మూడో విడత ఏప్రిల్ మొదట్లో, ఆలస్యమైతే ఏప్రిల్ మధ్యలో. ఉగాది పనులు కూడా ఈ లెక్కలోనే చూసుకోవాలి. రక్షణ లేనివాళ్లు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి దాకా అంటుతుంది, అంత గట్టిది ఇది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, అందరూ మొదటి వారంలోనే ఓపికా, లీవులూ, డబ్బూ అన్నీ ఖర్చు పెట్టేస్తారు. మొదటి పిల్లాడికి రాగానే భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటారు. ఆరేళ్ల వాడికి ఇది నాలుగైదు రోజుల చిరాకు, అంతే. అసలు బరువు రెండో విడతలో పడుతుంది, అప్పటికి లీవులుండవు.

మా ఇంట్లో జరిగింది అదే. 1999లో, ఇలాగే మార్చిలో, ఏడేళ్ల మా పెద్దదానికి పోసింది. నేను తొమ్మిది రోజులు సెలవు పెట్టి దాని పక్కనుంచి కదల్లేదు. డ్యూటీలో చేరిన ఆరో రోజు తెల్లారి ఇంటికొచ్చేసరికి చిన్నోడి పొట్ట మీద రెండు పొక్కులు, మా వారికి ఒళ్లు కాలే జ్వరం. సాయంత్రానికి ఆయన వీపంతా పొంగిపోయింది. ఆయనకి అప్పుడు 37 ఏళ్లు, రోజుకో పెట్టె సిగరెట్లు. నాకు సెలవు లేదు. చిన్నోడి మీదే నా ధ్యాసంతా ఉంది. ఆయనకి నాలుగో రోజు పొడిదగ్గు మొదలైతే, ఏసీ బ్యాంకులో కూర్చునే మనిషికి దగ్గు మామూలేలే అనుకున్నాను. ఐదో రోజు మెట్లెక్కి వచ్చి మాట పూర్తి చేయలేక ఆగిపోయారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. వార్డులో పరాయి పిల్లల ఊపిరి లెక్కపెట్టే ఉద్యోగం చేస్తూ ఇంట్లో మనిషి ఊపిరి చూసుకోలేదు. ఆ తప్పు నాదే.

అందుకే మీ వారి సంగతి ముందే తేల్చుకోండి. అత్తయ్యగారు ఖాయంగా పోసిందంటే సరే. సందేహం ఉంటే ఆయనకి కూడా అదే ఐజీజీ పరీక్ష చేయించండి. ఇప్పుడే టీకా వేయించుకోవచ్చా అని కూడా డాక్టర్ని అడగండి, గడువు పాపకున్నట్టే. మన వైపు వేడి దేశాల్లో చిన్నప్పుడు రాకుండా పెద్దయ్యాక వచ్చేవాళ్లు చలిదేశాల కంటే ఎక్కువ, కాబట్టి "ఈ వయసులో నాకేం వస్తుంది" అన్న ధీమా పనికిరాదు. రక్షణ లేదని తేలితే ఆయనకి ఒకటే రూలు: మొదటి పొక్కు కనిపించిన 24 గంటల్లోపు డాక్టరు ముందు ఉండాలి. ఏసైక్లోవిర్ అప్పుడు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి ఐదుసార్లు వేసుకోవాల్సిన మాత్ర, నీళ్లు బాగా తాగాలి. మూడు రోజులు చూసి వెళ్దాం అనుకుంటే ఆ మందుతో పెద్దగా ఉపయోగం ఉండదు. సిగరెట్ అలవాటుంటే ఈ నెలైనా మానమనండి. దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, ఈ మూడింట్లో ఏది కనిపించినా అర్ధరాత్రైనా బయల్దేరడమే. పాపకి రెండో విడతలో వచ్చినా మొదటి రోజే డాక్టర్ని అడగండి, ఇంట్లో అంటుకున్న పిల్లలకి ఆ మందు వాడాలా అని వాళ్లు ఆలోచిస్తారు. బాబుకి మాత్రం, ఆరోగ్యంగా ఉన్న ఆరేళ్ల పిల్లాడికి, సాధారణంగా అక్కర్లేదు.

మీ అత్తయ్యగారి గురించి రెండు మాటలు. మొదటిది ఆవిడ ఆరోగ్యం. చిన్నప్పుడు పోసి ఉంటే మళ్లీ రావడం చాలా అరుదు. మనవడి దగ్గర్నుంచి సర్పి అంటుకుంటుందని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. ఎప్పుడో పోసిన ఆటలమ్మ వైరస్ నరాల్లో నిద్రపోయి, వయసు మీదపడ్డాక లేస్తే అది సర్పి. అది సొంత సరుకే, ఎవరూ ఇచ్చింది కాదు. తిరగేస్తే మాత్రం నిజం: సర్పి ఉన్న పెద్దవాళ్ల పొక్కుల నుంచి పిల్లలకి ఆటలమ్మ అంటుకోవచ్చు.

రెండోది ఆవిడ పట్టింపులు. వాటితో పోట్లాడకండి. ఆవిడ తరం మశూచిని కళ్లతో చూసింది. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో వచ్చింది, అంటే ఆవిడ పెరిగే వయసంతా ఆ భయం ఊళ్లలో ఉన్నదే. మశూచిని పెద్దమ్మవారు అన్నారు, దీన్ని చిన్నమ్మవారు, ఆటలమ్మ అన్నారు. మందు లేని జబ్బుకి చేతులెత్తి మొక్కడం తప్ప ఏం చేయగలరు? ఆ కట్టుబాట్లు దీనికీ అలాగే అంటిపెట్టుకున్నాయి. కూర్చుని చూస్తే అందులో సగం పైగా మంచివే. గుమ్మానికి వేపమండలు కడితే తెలియనివాళ్లు లోపలికి రారు. ఇప్పుడు మనం ఐసొలేషన్ అంటున్నదానికి అది బోర్డు. పోసినవాళ్లు ఇంకొకరింటికి వెళ్లకూడదనే పట్టింపు బడికి పంపొద్దని డాక్టరు చెప్పేదే. పెరుగన్నం, మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరినీళ్లు, పోపు పెట్టని పప్పు, ఇవన్నీ నోట్లో పుండ్లున్న పిల్లాడికి హాయిగా దిగుతాయి. దురద పుడితే గోళ్లతో గీరకుండా లేత వేపరెమ్మతో నిమరడం కంటే మెత్తటి ఉపాయం నాకు ఇప్పటికీ తెలీదు.

ఒప్పుకోకూడనివి నాలుగున్నాయి. జ్వరానికి మందు ఇవ్వకపోవడం మొదటిది. ఉప్పు కూడా లేని చప్పిడి పెట్టి పిల్లాడు తినకపోతే అలాగే వదిలేయడం రెండోది. ఫ్యాను ఆపి, తలుపులన్నీ వేసి, గదిని ఆవిరి పొయ్యి చెయ్యడం మూడోది. నాలుగోది స్నానం లేకుండా వారం పైన ఉంచడం. అందరూ మొదటి మూడింటికీ తేలిగ్గానే దిగొస్తారు, స్నానం దగ్గర మాత్రం బిగుసుకుంటారు. మా అత్తగారితో నేను నెగ్గింది ఇలా. ఆవిడ లెక్కలో మూడో రోజో ఐదో రోజో వేపాకులు వేసి నీళ్లు పోయాలి. సరే, ఆ రోజు తలమీంచి మీరే పోయండి అన్నాను. మిగతా రోజుల్లో "స్నానం కాదు, ఒళ్లు తుడవడం" అని చెప్పి, వేపాకు వేసి మరిగించి గోరువెచ్చగా చల్లారనిచ్చిన నీళ్లతో మెత్తటి నూలుగుడ్డ ముంచి రోజూ అద్దాను. ఇద్దరి మాటా దక్కింది. మీ ఇంట్లో వీలైతే రోజూ గోరువెచ్చని నీళ్లు పోయండి, రుద్దకుండా టవల్‌తో అద్దండి. ఆకు మంచిదే కానీ నూరి పసుపుతో కలిపి ఒళ్లంతా మెత్తవద్దు. పచ్చగా కప్పేస్తే కింద ఏ పొక్కు చీము పడుతుందో కనిపించదు, ఎండిపోయాక లాగుతుంది, దురద పెరుగుతుంది. నలుగురి కోసం నుదుటి మీద బొట్టంత పెట్టనివ్వండి.

గుడ్లు, చికెన్ తినకూడదని ఎక్కడా లేదు, పేరులో చికెన్ ఉన్నంత మాత్రాన కోడికీ దీనికీ సంబంధం లేదు. నోరు మండుతున్నప్పుడు పిల్లాడు అడిగితే మెత్తగా ఉడికించిన గుడ్డు పెట్టండి. అత్తయ్యగారికి ఇబ్బందైతే ఆ వారం పప్పన్నంతో గడిపేసినా నష్టం లేదు.

జ్వరం మందు అంటే ప్యారాసిటమాల్ ఒక్కటే. కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగుసార్లు మించకూడదు. బాబు 20 కిలోలు ఉన్నాడనుకుంటే ఒక్కో డోసు 300 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్‌లో 250 ఉండే సిరప్ అయితే 6 ఎంఎల్. 120 ఉండే సీసాలు, 125 ఉండే సీసాలు కూడా షాపుల్లో ఉంటాయి, పాప కోసం తెచ్చింది వేరే బలం కావచ్చు, కాబట్టి ప్రతిసారీ లేబుల్ చదవండి. ఐబుప్రొఫెన్ ఉన్నది వద్దు, ఆటలమ్మలో చర్మం కింద చెడ్డ ఇన్ఫెక్షన్లకి దారి తీస్తుందన్న అనుమానం ఉంది. ఆస్పిరిన్ అసలే వద్దు, పిల్లల్లో లివర్‌నీ మెదడునీ దెబ్బతీసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అత్తయ్యగారు గుండెకని చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటుంటే ఆ స్ట్రిప్పు పైన పెట్టమనండి.

రాత్రులు కష్టం. పగలంతా కార్టూన్లు చూస్తూ మరిచిపోయిన దురద, లైటు తీయగానే గుర్తొస్తుంది. సాయంత్రమే గోళ్లు కురచగా కత్తిరించి, అంచు చేతి మీద గీకి చూడండి. గరుగ్గా తగిలితే మళ్లీ కత్తిరించండి. పల్చటి పాత నూలు బట్టలు వేయండి. రెండు చేతులకీ కాటన్ సాక్సులు తొడిగితే నిద్రలో గీరుకున్నా తోలు లేవదు, మణికట్టు దగ్గర గుడ్డపేలికతో వదులుగా కట్టండి. క్యాలమైన్ లోషన్ ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చల్లదనానికే సగం దురద తగ్గుతుంది. దూదితో ఒక్కో పొక్కు మీద చుక్క పెట్టాలి, కంటి దగ్గరా నోట్లోనూ వద్దు. మేం వార్డులో పిల్లలకే దూది ఇచ్చి చుక్కలు పెట్టుకోమనేవాళ్లం. లెక్కపెట్టుకుంటూ అరగంట గడిచిపోయేది. దురదకి సిరప్ కావాలంటే పిల్లల డాక్టర్ని అడిగే వేయండి. ఫ్యాను ఉండనివ్వండి. రాత్రిని ఇద్దరూ పంచుకోండి, రెండింటి దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఇద్దరూ మేలుకుని కూర్చుంటే పొద్దున్నే పాపని చూసే ఓపిక ఎవరికీ మిగలదు.

పొక్కులు ఒకేసారి రావు. మూడు నాలుగు రోజులు విడతలు విడతలుగా వస్తాయి, అందుకే ఒకే చోట ఎర్రచుక్క, నీటిపొక్కు, పక్కు మూడూ కనిపిస్తాయి. మొత్తం 250 నుంచి 500 దాకా రావడం మామూలే, సంఖ్య చూసి కంగారు పడొద్దు. కంగారు పడాల్సింది ఎర్రదనం చూసి. ఏ పొక్కు చుట్టూ అయినా చర్మం ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా అనిపిస్తే ఆ ఎరుపు అంచు వెంబడే బాల్‌పెన్నుతో ఒక గీత గీయండి. రెండు మూడు గంటల తర్వాత ఎరుపు గీత దాటిందంటే తెల్లారేదాకా ఆగక్కర్లేదు, బయల్దేరండి. నొప్పి విపరీతంగా ఉన్నా, వాచినా గీత సంగతి వదిలేసి వెంటనే వెళ్లండి. అలాగే జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గి ఒకరోజు ఆగి మళ్లీ వచ్చినా చూపించాలి. పిల్లాడు మత్తుగా పడుంటున్నా, నడుస్తూ తూలుతున్నా, మెడ పట్టేసినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, పొక్కుల్లో రక్తం కనిపించినా, కంట్లో పొక్కు లేచినా ఆలస్యం చేయొద్దు. ఆస్పత్రికి ముందు ఫోన్ చేసి ఆటలమ్మ అని చెప్పండి, వాళ్లు పక్క గుమ్మం నుంచి తీసుకెళ్తారు.

పాపని ఊరు పంపొద్దు. అది ఇప్పటికే బాబుతో ఉంది. పంపితే జబ్బుని బస్సెక్కించి పంపినట్టే. మీ అమ్మావాళ్ల వీధిలో ఎవరి కోడలు కడుపుతో ఉందో, ఏ పిల్లాడు కిడ్నీ జబ్బుకి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటున్నాడో మీకు తెలీదు. స్టెరాయిడ్ మాత్రలు వాడే పిల్లలకీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకీ ఆటలమ్మ ప్రాణాల మీదకి వస్తుంది. నేను వార్డులో కన్నీళ్లు పెట్టుకున్న ఆటలమ్మ కేసులన్నీ దాదాపు అలాంటివే. అపార్ట్‌మెంట్ గ్రూపులో సిగ్గుపడకుండా ఒక మెసేజ్ పెట్టండి. గత శనివారం నుంచి బాబుతో ఆడిన పిల్లల తల్లులకి విడిగా చెప్పండి, వాళ్లకీ టీకా గడువు నడుస్తోంది. పనమ్మాయిని కూడా అడగండి, పోసిందా, కడుపుతో గానీ ఉందా అని. ఏ మాత్రం సందేహం ఉన్నా ఇంట్లో విడతలన్నీ దాటేదాకా జీతంతో సెలవిచ్చి పంపండి.

ఇంట్లో బాబుని వేరే గదిలో పెట్టినా పాపకీ మీ వారికీ అంటాల్సింది ఈపాటికి అంటుకునే ఉంటుంది. అయినా రాత్రి పడక వేరు చేయండి, కిటికీలు తీయండి, టవల్ వేరుగా ఉంచండి. ఇల్లంతా ఫినాయిలుతో కడిగేసి నడుం విరగ్గొట్టుకోవద్దు. ఇది గాలిలోనూ పొక్కు నీటిలోనూ పోయేది. బట్టలు మామూలు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు.

బడికి ఎప్పుడు పంపాలంటే, కొత్తవి రావడం ఆగి ఉన్నవన్నీ పక్కులు కట్టాక. మామూలుగా పొక్కులు వచ్చిన ఐదు నుంచి ఏడు రోజులకి. పక్కులు రాలిపోయేదాకా ఆగక్కర్లేదు, ఎండిన పక్కు ఎవరికీ అంటించదు. బడివాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే రాయించుకోండి. పక్కులు గిల్లనివ్వకండి, గిల్లినచోటే గుంట పడేది. నల్లమచ్చలు నెలల మీద వాటంతటవే పోతాయి, క్రీములకి డబ్బు తగలేయొద్దు.

ఇక 23 నాటి పెళ్లి. చుట్టాలందరూ "అయ్యో, బాబుకి పోసిందిగా, వాణ్ని తీసుకురాకండి" అంటారు. లెక్క దానికి సరిగ్గా తిరగేసి ఉంది. 23 నాటికి బాబు పక్కులు కట్టి రెండు వారాలు, వాడు నిక్షేపంగా వెళ్లొచ్చు. మీకు చిన్నప్పుడే వచ్చింది కాబట్టి మీరూ వెళ్లొచ్చు. వెళ్లకూడనిది బయటికి ఏ పొక్కూ లేకుండా నవ్వుతూ తిరిగే మీ వారు, ఐజీజీలో రక్షణ ఉందని తేలితే తప్ప. 9 నుంచి 31 దాకా ఆయన ఏ రోజైనా అంటించే స్థితిలో ఉండొచ్చు, పెళ్లిలో ఎంతమంది గర్భిణీలుంటారో, ఎంతమంది చంటిపిల్లలుంటారో. పాపది కూడా అదే లెక్క, టీకా వేసినా సరే. ఒకవేళ దానికి 15, 16 తారీఖుల్లోనే పోసి 23కి అన్నీ పక్కులు కట్టేస్తే తీసుకెళ్లొచ్చు. కాబట్టి మీరూ బాబూ వెళ్లి అక్షింతలు వేసి రండి, మీ వారిని పాపతో ఇంట్లో ఉండమనండి. బాబుకి మచ్చలు కనపడకూడదని పొడుగు చేతుల పట్టు చొక్కా మాత్రం తొడగొద్దు, మార్చి ఎండకి కొత్త చర్మం మళ్లీ దురద పెట్టి పందిట్లో గోలగోల చేస్తాడు.